చేలో దొరికిన నల్ల రాయి గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు చూశాను. కొండపి దగ్గర మీ పొగాకు చేలో ట్రాక్టర్ గొర్రుకి తగిలిందన్నావు, చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువుందన్నావు. అది ఆకాశం నుంచి పడిన ఉల్కేనని, చంద్రుడిదో మార్స్‌దో తేలితే లక్షలు పలుకుతుందని బ్రోకర్ ఎవరో చెప్పాడట. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు అయస్కాంతం జోలికి పోకు. నల్ల రాయి కనబడగానే పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం పీకి అంటించి చూడటం మన వాళ్లకి అలవాటు. అంటుకున్నంత మాత్రాన ఏమీ తేలదు. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల ఇనపరాయి కూడా అంటుకుంటుంది, పాత కొలిమి దగ్గర పారేసిన ఇనప చిట్టెం కూడా ఒక్కోసారి అంటుకుంటుంది. లాభం లేకపోగా నష్టం ఒకటుంది. కొన్ని ఉల్కల్లో, అవి పుట్టిన చోట ఒకప్పుడు ఉన్న అయస్కాంత క్షేత్రం తాలూకు గుర్తు కోట్ల ఏళ్లుగా నిలిచి ఉంటుంది. బలమైన అయస్కాంతం తాకితే అది చెరిగిపోతుంది. సహారా వైపు దొరికిన 'బ్లాక్ బ్యూటీ' అనే మార్స్ రాయి ముక్కలకి ఇదే గతి పట్టింది. ఏరుకునే వాళ్లు అయస్కాంతాలు పెట్టి చూడటం వల్లే పాత గుర్తు పోయిందని తర్వాత పరిశోధకులు తేల్చారు.

కడగొద్దు, యాసిడ్ పొయ్యొద్దు, సుత్తితో కొట్టొద్దు. ఒక చిన్న పరీక్ష మాత్రం చెయ్యొచ్చు. బాత్రూం టైల్ వెనక వైపు, నునుపు లేని చోట, రాయి మూలని గట్టిగా గీయి. ఎర్రటి గీత పడితే అది హెమటైట్, నల్లటి గీత పడితే మాగ్నెటైట్ అయ్యుండొచ్చు, రెండూ భూమ్మీద దొరికే ఇనప ఖనిజాలే. ఉల్కలు మామూలుగా గీత వెయ్యవు. రాయిలో బుడగల్లాంటి చిల్లులుంటే దాదాపుగా చిట్టెమే అనుకో. ఉల్కకి పైన కాలిన పొర ఉంటుంది, అది చాలా పల్చన, మిల్లీమీటరు అటూ ఇటూ. నీ ఫోటోల్లో ఆ పొర నాకు స్పష్టంగా కనబడలేదు. ఎండలో, నీడ పడకుండా, పక్కన స్కేలు పెట్టి మళ్లీ తియ్యి.

ఇక ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న. బ్రోకర్ రాయిని చూసి ఊరు చెప్పేస్తాడు. సైంటిస్టులు అలా చెప్పలేరు. రాయి ఒక్కటీ చేతిలో ఉంటే సరిపోదు, అవతలి వైపు నుంచి కూడా ఏదో ఒకటి దొరకాలి. అక్కడి మట్టో, గాలో, కనీసం అక్కడి నుంచి వచ్చిన వెలుగో. ఈ రెండూ కలిసినప్పుడే నోరు విప్పుతారు.

మార్స్ కథే తీసుకో. 1865 ఆగస్టు 25న బీహార్‌లో షేర్‌ఘాటీ దగ్గర ఒక రాయి పడింది. ఫ్రాన్స్‌లో 1815లో, ఈజిప్టులో 1911లో పడిన మరో రెండు రాళ్లు కూడా దానిలాగే మిగతా ఉల్కలతో కలవలేదు. ఈజిప్టు రాయి లావా నుంచి గడ్డకట్టి 130 కోట్ల ఏళ్లే అయింది. సూర్యుడి చుట్టూ తిరిగే రాతి బండలు, అంటే గ్రహశకలాలు, చిన్నవి, 450 కోట్ల ఏళ్ల నాడే దాదాపుగా చల్లారిపోయాయి. అంటే అంత ఆలస్యంగా కూడా లోపల వేడి మిగిలి ఉన్న పెద్ద గ్రహమేదో వీటికి పుట్టిల్లు కావాలి. మార్స్ అని అనుమానం వచ్చింది, కానీ అనుమానం రుజువు కాదు కదా. ఈలోగా 1976లో వైకింగ్ నౌకలు మార్స్ మీద దిగి అక్కడి గాలిని కొలిచాయి. తర్వాత అంటార్కిటికా మంచులో షేర్‌ఘాటీ జాతిదే ఇంకో రాయి దొరికింది. ఏదో పెద్ద దెబ్బకి కరిగి గాజులా మారిన చిన్న చిన్న చోట్లు ఆ రాయిలో ఉన్నాయి. 1983లో హ్యూస్టన్‌లో ఆ గాజులో చిక్కుకున్న వాయువుని బయటికి తీసి కొలిస్తే, ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్ పాళ్లు వైకింగ్ కొలతలతో సరిపోయాయి. బీహార్‌లో రాయి పడిన వందేళ్లకి పైన గానీ అవతలి సాక్ష్యం దొరకలేదు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

చంద్రుడి విషయంలో ఆ తిప్పలు లేవు, అపోలో యాత్రల్లో అక్కడి నుంచి తెచ్చిన రాళ్లు ముందే చేతిలో ఉన్నాయి. 1982లో అంటార్కిటికాలో దొరికిన 31 గ్రాముల రాయిని వాటితో పోల్చి వెంటనే గుర్తుపట్టారు.

ఆక్సిజన్ పరీక్ష గురించి కూడా ఆ బ్రోకర్ ఏదో అన్నాడన్నావు. ఆక్సిజన్‌లో 16, 17, 18 అని మూడు రకాల పరమాణువులున్నాయి. వాటి పాళ్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయని 1973లో షికాగోలో రాబర్ట్ క్లేటన్ బృందం చూపించింది. ఆ పాళ్లని గ్రాఫ్ మీద పెడితే భూమి రాళ్లన్నీ ఒక గీత మీద పడతాయి. మార్స్ రాళ్లు ఆ గీత కన్నా కొంచెం పైన పడతాయి, వెస్టా అనే పెద్ద గ్రహశకలానివి కిందికి పడతాయి. తమాషా ఏంటంటే చంద్రుడివి దాదాపు భూమి గీత మీదే పడతాయి. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో చంద్రుడి రాయినీ చీమకుర్తి రాయినీ విడదీయలేరు. దానికి ఇనుము, మాంగనీసు నిష్పత్తి లాంటివి చూడాలి.

చీమకుర్తి అంటే గుర్తొచ్చింది. గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు మెరుస్తాయే, అవి బ్రాంజైట్ అనే ఖనిజం, పైరాక్సీన్ జాతి. పైరాక్సీన్ మీద పడిన వెలుగులో కంటికి కనబడని ఒక భాగం తగ్గిపోయి తిరిగొస్తుంది. 1970లో టెలిస్కోపుతో వెస్టా వెలుగుని పరిశీలిస్తే అదే లోటు కనిపించింది, ఒక రకం ఉల్కల్లోనూ అదే ఉంది. 2011లో డాన్ నౌక అక్కడికే వెళ్లి చుట్టూ తిరిగి ఆ బంధుత్వాన్ని గట్టిపరిచింది.

అయితే వెలుగు ఒక్కోసారి మోసం చేస్తుంది. భూమ్మీద ఎక్కువగా పడే మామూలు రాతి ఉల్కల రంగు, వాటి పుట్టిల్లనుకున్న గ్రహశకలాల రంగుతో సరిగ్గా కలిసేది కాదు. ఎండకీ, సౌరగాలికీ (సూర్యుడి నుంచి వచ్చే కణాల ధారకీ) అక్కడి పైమట్టి రంగు మారిపోతుందని కొందరు వాదించారు. 2010లో జపాన్ వాళ్ల హయబుసా నౌక ఇటొకావా అనే గ్రహశకలం నుంచి చిటికెడు ధూళి తెచ్చాక గానీ ఆ గొడవ తీరలేదు. ధూళి ఉల్కలతో కలిసింది, రేణువుల పైపొర నిజంగానే మారి ఉంది.

మన నెల్లూరు జిల్లాలో 1852లో పడిన ఉల్క ఒకటుంది. ప్రపంచ జాబితాల్లో దాని పేరు యాటూర్, హెచ్ రకం, అంటే మామూలు రాతి ఉల్కల్లో ఇనుము ఎక్కువున్న తరగతి. ఈ రకం రాళ్లలో చాలావాటిని పెద్ద బండ నుంచి విడిపోయి ఎన్నాళ్లయిందని లెక్కేస్తే 70, 80 లక్షల ఏళ్లని వస్తుంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు రాతిలోకి మీటరు దాకానే దూరతాయి, అక్కడ కొత్తగా నియాన్ లాంటి వాయువులు పుడతాయి. వాటి మొత్తాన్ని బట్టి ఆ లెక్క కడతారు. హెచ్ రకం ఎక్కువగా కొరోనిస్, కరిన్ అనే గ్రహశకల కుటుంబాల (ఒక్కో పెద్ద బండ పగిలి ఏర్పడిన గుంపుల) నుంచి వస్తోందని 2024లో పరిశోధనలు వచ్చాయి. కొరోనిస్‌లో ఒక భాగం పగిలిన కాలం కూడా సుమారు 76 లక్షల ఏళ్లే. అలా చూస్తే మన యాటూర్ అక్కడిదే కావచ్చు. ఖాయమని మాత్రం నేననను.

ఎందుకంటే అది పడే దారిని ఎవరూ ఫోటో తియ్యలేదు. 1959లో అప్పటి చెకొస్లోవేకియాలో ప్రీబ్రామ్ ఉల్క పడుతుండగా వేర్వేరు చోట్ల కెమెరాలకి చిక్కింది. ఎత్తు, దిశ, వేగం తెలిశాయి, కక్ష్య వెనక్కి లెక్కేస్తే మార్స్‌కీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీ దాకా పోయింది. ఇప్పుడు సీసీ కెమెరా లేని పెట్రోల్ బంకు లేదు. మనకి ఆకాశంలో వెలుగు కనబడితే శ్రీహరికోట షార్ రాకెట్టేనని సరిపెట్టుకుంటాం. ఈసారి కనబడితే అన్ని ఊళ్ల ఫుటేజీ టైముతో సహా దాచమను, కెమెరాని కదపొద్దని చెప్పు.

నీ రాయి ఎప్పుడు పడిందో తెలియదు కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే దొరికిన చోటు ముఖ్యం. ఫోన్లో లొకేషన్ తీసి రాసిపెట్టు, గొర్రు ఎంత లోతులో పోయిందో ట్రాక్టర్ అబ్బాయినడుగు. చుట్టుపక్కల అలాంటివే ఇంకా ఉన్నాయేమో వెతుకు. పాతికో ముప్ఫయ్యో కుప్పగా దొరికితే ఆశ వదులుకో, అది కొలిమి చిట్టెమే. రాయిని శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి పొడిగా ఉన్న డబ్బాలో పెట్టు, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పడుతుంది.

టైల్ మీద గీత పడకపోతే హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫీసుకి రాద్దాం. దేశంలో దొరికిన ఉల్కల్ని భద్రపరిచేది వాళ్లే. ఉత్తరం నేను డ్రాఫ్ట్ చేస్తాను. బ్రోకర్ అడ్వాన్స్ ఇస్తానంటే తీసుకోకు, రాయి చూపించడానికి కూడా ఒప్పుకోకు. ఫోటోలు ఆదివారం లోపు పంపు. అమ్మకి, నాన్నకి అడిగానని చెప్పు.

మీ మామయ్య,
ఒంగోలు