‘సంగీత జర్నలిస్ట్ మరియు బృందగాన నిర్వాహకుడు’: ఈ వాక్యం తెలుగులా ఎందుకు లేదు?

సందేహం: వియన్నా నగరానికి చెందిన ఔగుస్ట్ ష్మిట్ (1808–1891) జీవితం మీద ఒక సంగీత మాసపత్రికకు వ్యాసం రాస్తున్నాను. మొదటి వాక్యం ఇలా రాశాను: ‘ఆగస్ట్ స్కిమిడ్ట్ ఒక పంతొమ్మిదవ శతాబ్దపు ఆస్ట్రియన్ సంగీత జర్నలిస్ట్ మరియు బృందగాన నిర్వాహకుడు.’ చదివినవారు ఇది తెలుగులా లేదంటున్నారు. జర్నలిస్టును పాత్రికేయుడు అనాలా, విలేకరి అనాలా? ఆయన ఏర్పాటు చేసిన గాయకుల సంస్థను సంఘం అనాలా, సభ అనాలా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు. ఆయన చేసిన పనులు చెప్పవలసిన చోట రెండు హోదాలు తగిలించి ఊరుకోవడం వల్ల అది పరాయిగా వినిపిస్తోంది. ఆయన ఏ పని చేశారో దగ్గరగా చూస్తే, ఏ మాట అతుకుతుందో ఏది అతకదో తేలిపోతుంది.

విలేకరి అంటే ఒక ఊళ్లోనో ఒక రంగంలోనో వార్తలు సేకరించి పత్రికకు పంపే వ్యక్తి. ష్మిట్‌కు పేరు తెచ్చింది ఆ పని కాదు. 1841లో వియన్నాలో ‘ఆల్గెమైనె వీనర్ ముజీక్-త్సైటుంగ్’ అనే సంగీత పత్రికను ఆయనే మొదలుపెట్టి, ఆయనే సంపాదకత్వం వహించారు. ఆ పత్రిక 1848 దాకా నడిచింది. తరవాతి రోజుల్లో ఐరోపా సంగీత విమర్శలో ఎదురులేని పేరు సంపాదించిన ఎడ్వర్డ్ హాన్స్లిక్, ఇరవై ఒక్కేళ్ల వయసులో జర్మన్ స్వరకర్త వాగ్నర్ ‘టాన్‌హొయ్‌జర్’ ఒపేరా మీద రాసిన సుదీర్ఘమైన విమర్శ 1846లో అచ్చయింది ఈ పత్రికలోనే. ఒక కుర్రవాడి రచనకు అంత చోటిచ్చిన వ్యక్తిని మనం సంపాదకుడు అనే అంటాం. కాబట్టి ‘సంగీత పత్రికా సంపాదకుడు’ అన్నది మీకు సరిపోయే మాట.

ఇక పాత్రికేయుడు. రాధ కొడుకు రాధేయుడు, కుంతి కొడుకు కౌంతేయుడు, వినత కొడుకు వైనతేయుడు. స్త్రీలింగ శబ్దాలకు సంతానార్థంలో చేరే ప్రత్యయమే ఇక్కడా ఉంది గనుక, ఆ లెక్కన పాత్రికేయుడంటే పత్రిక కన్నబిడ్డ అవుతాడే గాని పత్రికలో పనిచేసేవాడు కాడని ఆక్షేపించడానికి వీలుంది. అయితే నది నుంచి నాదేయం వచ్చినట్లు, సంతానం కాని సంబంధాలలోనూ ఈ ప్రత్యయం కనిపిస్తుంది. పైగా మాట జనంలో స్థిరపడిపోయింది. నేను దాన్ని తప్పు పట్టను. ఆ పేరు ష్మిట్ కంటే ఆయన మిత్రుడు ఆల్ఫ్రెడ్ బెకర్‌కు ఎక్కువ నప్పుతుందని మాత్రం చెబుతాను. ‘త్సుమ్ ఆమోర్’ అనే పూటకూళ్ల ఇంట్లో ష్మిట్, కవి లేనౌ, స్వరకర్త ఓటో నికొలాయ్ కూర్చునే బల్ల దగ్గరే బెకర్ కూడా కూర్చునేవారు. ఆయనా సంగీత విమర్శకుడే. 1848 విప్లవంలో రాజకీయ పత్రిక నడిపినందుకు ఆ ఏడాది నవంబరులో సైనికులు ఆయనను కాల్చి చంపారు. ఒకే బల్ల దగ్గరి ఇద్దరిలో ఒకరిని పాత్రికేయుడనీ మరొకరిని సంపాదకుడనీ అంటే, పాఠకులకు ఆ జీవితాల తేడా మాటలోనే తెలుస్తుంది.

రెండో మాట బృందగానం. ఇది పాడే క్రియకు పేరు. పాడే మనుషులకు పేరు గాయకబృందం. ‘బృందగానాన్ని స్థాపించారు’ అని మీ వ్యాసంలో మరోచోట ఉంది. అక్కడ గాయకబృందం అని ఉండాలి. ఇంతకంటే ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధన నాడు వందల మంది కూర్చుని పంచరత్న కీర్తనలు పాడితే గోష్ఠిగానం అంటాం. అందరి నోటా ఒకటే వరస. బుర్రకథలో కథకుడు అందుకున్నదాన్ని పక్కనున్న ఇద్దరు వంత పాడతారు. ష్మిట్ కూడగట్టిన మగవారి బృందంలోని పద్ధతి వేరు. అక్కడ హెచ్చు గొంతుల వారు రెండు వర్గాలు, మంద్ర గొంతుల వారు రెండు వర్గాలు. నాలుగు వర్గాలూ నాలుగు వేర్వేరు వరసలను ఒకేసారి పాడతాయి, వాటి కలయికలో పాట పుడుతుంది. మన క్రైస్తవ ఆలయాల గాయకబృందాల్లో ఇలా పాడడం తెలిసినవారు ఉన్నారు గాని, మీ పాఠకులందరికీ తెలిసి ఉండదు. బృందగానం అనే మాటనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘నాలుగు వరసల బృందగానం’ అని రాయండి. కొత్త మాట పుట్టించే అవసరం లేదు.

సంఘమా, సభా అన్నారు. రెండూ వద్దని నా మనవి. సంఘం అనగానే కార్మిక సంఘం, సహకార సంఘం గుర్తుకొస్తాయి; ఒక ప్రయోజనం కోసం కూడినవారి సంస్థ అది. సంగీత సభ అంటే కచేరీ పెట్టించేది, సభ్యులు కూర్చుని వినేది. మన భాషలో, సభ్యులే రంగం మీదికి వచ్చే సంస్థకు వేరే మాట స్థిరపడి ఉంది: సమాజం. నాటక సమాజంలో సభ్యులే వేషం కడతారు, భజన సమాజంలో సభ్యులే తాళం పట్టుకుంటారు. 1843 అక్టోబరులో ష్మిట్ పూనికతో ఏర్పడిన ‘వీనర్ మెనర్‌గెజాంగ్-ఫెరైన్’ సరిగ్గా అటువంటిది. దాన్ని ‘వియన్నా పురుష బృందగాన సమాజం’ అంటే అర్థం చెడదు. ఆస్ట్రియా ప్రభుత్వాధినేత మెటర్నిక్ ఏలుబడిలో నలుగురు కూడి సంస్థ పెట్టుకుంటేనే పోలీసులు కన్నేసి ఉంచే రోజులవి. ఆ రోజుల్లో పాడడం కోసం ఒక సమాజాన్ని నిలబెట్టడం ఎంత పనో మీ వ్యాసంలో తప్పక రావాలి.

ఇదే కారణంగా ‘నిర్వాహకుడు’ అనే మాట నాకు చాలదనిపిస్తుంది. నిర్వహించడమంటే ఉన్నదాన్ని నడపడం. ష్మిట్ లేనిదాన్ని ఉండేలా చేశారు. పాట నేర్పి ముందు నిలబడి పాడించిన సంచాలకులు వేరే ఉన్నారు. మొదట్లో గుస్టావ్ బార్ట్, 1856 నుంచి యోహాన్ హెర్బెక్. 1842 మార్చి 28న నికొలాయ్ సంచాలకత్వంలో జరిగిన కచేరీతో మొదలైన వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం వెనుక కూడా ష్మిట్ ప్రోద్బలం ఉంది. ఇటువంటి మనిషికి ‘వ్యవస్థాపకుడు’ సరైన మాటే. నాకైతే మన ‘పూనిక’ ఇంకా ఇష్టం. పట్టుదల, చొరవ, బాధ్యత మూడూ అందులో ఇమిడి ఉన్నాయి.

ఇక వాక్యనిర్మాణం. ‘ఒక’, ‘మరియు’ రెండూ తీసేయండి. రెండు పేర్లను కలపడానికి తెలుగులో చివరి అచ్చు దీర్ఘం చేస్తే చాలు: రాముడూ లక్ష్మణుడూ. శతాబ్దం, దేశం, వృత్తి అన్నీ విశేషణాలై ఒకే నామవాచకం ముందు బారులు తీరనక్కర లేదు. నేనైతే ఇలా రాస్తాను: ‘పంతొమ్మిదో శతాబ్దంలో వియన్నాలో సంగీత పత్రిక నడిపిన ఔగుస్ట్ ష్మిట్ పూనికతోనే ఆ నగరంలో పురుష బృందగాన సమాజం ఏర్పడింది.’

పేరు విషయంలో, ‘ఆగస్ట్’ అంటే మనకు నెల గుర్తుకొస్తుంది, ఔగుస్ట్ అనండి. ‘స్కిమిడ్ట్’ రోమన్ అక్షరాలను చూసి రాసినది, పలికేది ష్మిట్. నగరాన్ని జర్మన్‌లో వీన్ అంటారు గాని, మనకు అలవాటైన వియన్నానే ఉంచండి.

మీ వ్యాసం చివరి పేరాలో, 1867 ఫిబ్రవరి 15న ఈ సమాజం యోహాన్ ష్ట్రౌస్ ‘నీలి డాన్యూబ్’ వాల్ట్జ్‌ను (జంటలు ఆడే నృత్యానికి కట్టిన వరసను) తొలిసారి ‘ఆలపించింది’ అని రాశారు. జాతీయ గీతాలాపన అంటున్నాం గనుక అది తప్పు కాదు. కానీ సంగీత పత్రిక చదివేవారికి ఆలాపన అంటే సాహిత్యం లేని రాగవిస్తారం. ఈ రోజు ఎక్కువగా వాద్యాల మీద వినిపించే ఆ వాల్ట్జ్‌కు ఆనాడు యోసెఫ్ వైల్ రాసిన సాహిత్యం ఉంది, సమాజం పాడింది దానినే. కాబట్టి అక్కడ ‘పాడింది’ అని రాయండి.