పాత పడవకు కొత్త రంగు: మీ ప్రశ్నలకు జవాబులు

వేట నిషేధం మొదలైందంటే తీరం పొడుగునా పడవలు ఒడ్డెక్కుతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు. పడవను సొంతంగా బాగు చేసుకోవాలనుకునే వాళ్లకు ఏడాది మొత్తంలో దొరికే పెద్ద వ్యవధి ఇదే. ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా రంగు గురించి. మా జవాబుల్లో మాత్రం రంగు కిందున్న దాని గురించే ఎక్కువ చెప్పాం. ఊడిపోయిన రంగుల్లో డబ్బాది తప్పని తేలేవి చాలా తక్కువ.

ప్రశ్న: మాది 28 అడుగుల ఫైబర్ బోటు. ఏటా ఎనామిల్ వేయిస్తున్నాం. నాలుగు నెలలు తిరక్కుండానే పొరలు పొరలుగా లేచిపోతోంది. ఈసారి ఖరీదైన రెండు డబ్బాల రంగు (ఒక డబ్బాలో రంగు, రెండో దానిలో గట్టిపరిచే ద్రవం; కలిపి వేసేది) వేద్దామనుకుంటున్నాం. ఎంత పడుతుంది? – ఉప్పాడ నుంచి ఒక పాఠకుడు

ఖరీదైన రంగు కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ఆ రంగుతో ఇచ్చే థిన్నర్‌లో గుడ్డ ముంచి, పాత రంగు మీద రెండు మూడు నిమిషాలు అదిమి పెట్టి, గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటినా, పాత పొర మెత్తబడి ముడతలు పడినా దాని మీద రెండు డబ్బాల రంగు నిలవదు. కొత్త రంగులోని థిన్నర్ కింది ఎనామిల్‌ను పైకి లేపేస్తుంది. అప్పుడు మీకు రెండే దారులు. పాత ఎనామిల్‌ను ఫైబర్ దాకా గీకేసి రెండు డబ్బాల రంగు వేసుకోవాలి, లేదా మళ్లీ ఎనామిల్‌తోనే సరిపెట్టుకోవాలి. మీ పడవ మీద ఏటా ఒక పొర ఎక్కుతూ వచ్చింది కాబట్టి ఈసారికి గీకడమే మంచిదని మా అభిప్రాయం. అడుగు పొరకు పట్టు లేనప్పుడు పైన ఏం వేసినా దానితో పాటే పోతుంది.

పొరలుగా లేవడానికి అసలు కారణం జిడ్డు. చేప నూనె, డీజిలు, ఇంజిన్ గ్రీజు ఫైబర్‌కు పట్టేసి ఉంటాయి. చాలామంది ముందు ఎమరీ కొట్టి తర్వాత కడుగుతారు. ఇది తలకిందుల పని. ఎమరీ గీతల్లోకి జిడ్డు దిగిపోయి ఇక రాదు. ముందు సబ్బు పొడి నీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. కడిగాక చెంబుడు మంచినీళ్లు పక్క మీద పోసి చూడండి. నీరు పలచగా, ఒకే పొరలా జారితే జిడ్డు పోయినట్టు. తామరాకు మీద నీటిలా బొట్లు కడితే ఇంకా ఉన్నట్టు, మళ్లీ కడగాలి. ఆ తర్వాతే 80 నంబరు ఎమరీ, దాని మీద 120. ఫైబర్‌పై మెరుపు ఎక్కడా మిగలకూడదు. వేలితో తడిమితే నున్నటి చోటు తగిలిందంటే అక్కడే రంగు లేస్తుంది.

ఇక కొలతలు. పడవ పొడవు, వెడల్పు కూడి, రెండుతో గుణించి, పక్కల సగటు ఎత్తుతో మళ్లీ గుణిస్తే బయటి పక్కల వైశాల్యం వస్తుంది. మీ పడవ పొడవు 8.5 మీటర్లు. వెడల్పు 2 మీటర్లు, ఎత్తు ముప్పాతిక మీటరు అనుకుంటే సుమారు 16 చదరపు మీటర్లు. డబ్బా మీద లీటరుకు 10 చదరపు మీటర్లని రాసి ఉన్నా, గరుకు తేలిన పాత పడవకు 8కి మించి రాదు. అంటే ఒక్కో కోటుకు 2 లీటర్లు. అడుగు కోటుగా వేసే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లకు 4, పైన రెండు డబ్బాల పాలీయురిథేన్ రంగు రెండు కోట్లకు 4. ఎపాక్సీని పై కోటుగా వదిలేయకండి. ఎండకు సుద్దలా పొడి రాలుతుంది. ప్రైమర్ మీద ఎన్ని గంటల్లోగా తర్వాతి కోటు వేయాలో డబ్బా మీద ఉంటుంది. ఆ గడువు దాటితే మళ్లీ ఎమరీ కొట్టక తప్పదు.

పని ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి పది, పదిన్నర లోపు ముగించండి. మధ్యాహ్నం ఎండకు కాలిన ఫైబర్ మీద రంగు పైపైన ఆరి, లోపలి థిన్నర్ బుడగలై పైకి వస్తుంది. గాలి సముద్రం మీది నుంచి తిరిగాక ఉప్పు తెస్తుంది. మరుసటి కోటుకు ముందు మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వాల్సింది ఇందుకే. సాయంత్రం వేసిన రంగు రాత్రి మంచుకు తడిస్తే మెరుపు పోయి పాలిపోతుంది.

ప్రశ్న: ఫైబర్ తెప్ప అడుగున రాయి తగిలి బెత్తెడు మేర పగిలింది. చుట్టూ తెల్లగా మచ్చ కట్టింది. ఎం-సీల్ పెట్టి రంగేస్తే సరిపోదా? – భీమిలి నుంచి ఒక పాఠకురాలు

సరిపోదండి. ఆ తెల్లమచ్చే మీకు కొలబద్ద. ఫైబర్‌లోని గాజు పోగులను పట్టి ఉంచే జిగురు, అంటే రెజిన్, నుంచి పోగులు విడిపోయిన మేరంతా తెల్లబడుతుంది. పగులు బెత్తెడే కనిపించినా దెబ్బ మచ్చ చివరి దాకా ఉంది. గ్రైండర్‌తో ఆ తెలుపు పోయేదాకా కోయాలి.

తర్వాత అంచులు ఏటవాలుగా చెక్కాలి. ఫైబర్ మందానికి పన్నెండు రెట్లు వెడల్పు ఏటవాలు ఉండాలి. 6 మిల్లీమీటర్ల మందానికి చుట్టూ 7 సెంటీమీటర్లు. 15 సెంటీమీటర్ల రంధ్రం కాస్తా 30 సెంటీమీటర్ల పళ్లెంలా అవుతుంది. చూడగానే గుండె జారుతుంది గానీ, పట్టు అంతా ఈ ఏటవాలులోనే ఉంది. నిలువు అంచుకు అతికిన ముక్క అల దెబ్బకు మూతలా ఊడొస్తుంది.

కోశాక రెండు మూడు రోజులు ఎండబెట్టండి. తడి పోగు మీద రెజిన్ పాలలా తెల్లబడుతుంది, అతకదు. రాత్రి దాని మీద ప్లాస్టిక్ కాగితం పరిచి అంచులకు టేపు వేయండి. ఉదయం లోపలి వైపు చెమట పట్టి ఉంటే ఇంకా తడి ఉన్నట్టే.

లోపలి వైపు నుంచి ప్లాస్టిక్ చుట్టిన పలుచటి ప్లైవుడ్ ముక్క ఆనించి, బయటి నుంచి గాజు పోగుల మ్యాట్ (చదరపు మీటరుకు 450 గ్రాములు తూగేది) పరవాలి. ఒక్కో పొర గట్టిపడితే సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. మీకు ఆరేడు పొరలు కావాలి. అన్నిటికన్నా పెద్ద ముక్క ముందు, ఆ పైన చిన్నవి. చిన్నవి ముందు వేస్తే చివర నునుపు చేసేటప్పుడు పై పెద్ద ముక్క అంచులన్నీ గ్రైండర్‌కు తెగిపోతాయి. రెజిన్ తూకం మ్యాట్ తూకానికి రెండున్నర రెట్లు. ఈ రంధ్రానికి మ్యాట్ 110 గ్రాములు, రెజిన్ 275 గ్రాములు లెక్కకు వస్తాయి. బ్రష్‌కు, గిన్నెకు అంటేది కలిపి 400 గ్రాములు తెచ్చుకోండి. మూడేసి పొరలు వేసి, చల్లారాక మిగతావి. అన్నీ ఒకేసారి వేస్తే వేడి పుట్టి లోపలే పగుళ్లిస్తుంది.

కలిపే దగ్గర జాగ్రత్త. కొట్లో రెజిన్‌తో పాటు, అది గట్టిపడటానికి ఊదా రంగు కోబాల్ట్, నీళ్లలా ఉండే క్యాటలిస్ట్ ఇస్తారు. ఈ రెండిటినీ ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా కలపకండి, పేలుతుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలియబెట్టి, పని మొదలెట్టే ముందే క్యాటలిస్ట్ వేయాలి. కిలో రెజిన్‌కు క్యాటలిస్ట్ 10 నుంచి 20 గ్రాములు. మే నెల ఎండలో 10 గ్రాములే చాలు. అప్పుడు కూడా పావుగంట లోపే గడ్డకట్టవచ్చు, అందుకే పావు కిలోకు మించి ఒకేసారి కలపకండి. 10 గ్రాముల కన్నా తగ్గించారో ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. క్యాటలిస్ట్ కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి. అద్దాలు పెట్టుకోకుండా ఆ సీసా మూత తీయవద్దు.

రెండు మూడు రోజులయ్యాక అసిటోన్ గుడ్డతో తుడవండి. అతికిన చోటు జిగురుగా మారితే ఇంకా పండలేదు. గట్టిగా ఉంటే ఎమరీ కొట్టి, లప్పం పట్టించి ఎపాక్సీ ప్రైమర్ వేయవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: పాలిస్టర్ రెజిన్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగ్గా పట్టదు. ఎం-సీల్ కూడా ఎపాక్సీయే, ముందే అలాంటిది పెట్టి ఉంటే అంతా గీకేయాలి.

ప్రశ్న: చెక్క నావ. రెండు నెలలు ఒడ్డున ఉండేసరికి పలకల మధ్య వేలు దూరేంత నెర్రెలు వచ్చాయి. ఎపాక్సీ లప్పంతో నింపేసి, పైన ఫైబర్ కొట్టించేయమంటున్నారు. – కాకినాడ

ఆ రెండు పనులూ చేయకండి. చెక్క ఎండి కుంచించుకుపోయింది, అంతే. నీళ్లలోకి దిగాక మళ్లీ ఉబ్బుతుంది. అప్పుడు సందులో రాయిలా గట్టిపడిన లప్పం ఉంటే పలక వెళ్లే చోటు లేక అంచులు నలిగిపోతాయి, మేకులు లాగేస్తాయి, లోపలి అడ్డ కర్రలు కూడా విరగవచ్చు. ఫైబర్ సంగతి మరీ చెడ్డది. ఉప్పూ నూనే పీల్చుకున్న పాత చెక్కకు రెజిన్ పట్టదు. ఎక్కడో ఒక చోట నీరు దూరి, బయటికి దారి లేక, లోపల చెక్కను మెత్తగా కుళ్లిస్తుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది.

ముందు పడవ మీద తాటాకులో కొబ్బరి మట్టలో వేసి నీడ చేయండి. అసలు ఒడ్డెక్కించిన రోజే చేయాల్సిన పని ఇది.

తర్వాత కొక్కెంతో సందుల్లోని పాత దూది లాగేయండి. పలక అంచు నల్లబడి, స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే బిస్కెట్‌లా లోపలికి దిగితే ఆ పలక మార్చాల్సిందే. ఇనప మేకుల చుట్టూ ఉండే నలుపు కూడా చూడాలి. మేకు తుప్పు పట్టే కొద్దీ చుట్టూ ఉన్న చెక్క చచ్చిపోతుంది. మేకు పీకి, ఆ రంధ్రంలో కర్ర బిరడా కొట్టి, కొత్త మేకు పక్కన దించండి, అదే రంధ్రంలో కాదు. పడవ అంతా గాల్వనైజ్డ్ మేకులే ఉంటే మధ్యలో రాగివి కలపకండి. ఉప్పునీటిలో రాగికి పక్కనున్న ఇనుము త్వరగా కరిగిపోతుంది.

సందు అంచులకు ఒక కోటు ప్రైమర్ పూసి ఆరనివ్వండి. పేనిన దూదిని సందు లోతులో మూడింట రెండు వంతులు నిండేలా ఉలి, సుత్తితో కొట్టండి. బలంగా కాదు. దెబ్బ శబ్దం మొద్దుగా ఉన్నప్పుడు ఇంకొంచెం, ఖంగుమన్నాక ఆపండి. ఎక్కువ దట్టిస్తే ఉబ్బినప్పుడు ఎపాక్సీ చేసే చెరుపే ఇదీ చేస్తుంది. దూది మీద మళ్లీ ప్రైమర్, ఆపైన మెత్తగా ఉండిపోయే లప్పం. కిలో సుద్దపొడికి సుమారు 200 గ్రాముల అవిసె నూనె పోసి, చపాతీ పిండిలా పిసికితే సరిపోతుంది. సందుకు సమంగా కాకుండా ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) లోతుగా వదలండి. చెక్క ఉబ్బినప్పుడు లప్పం పైకి వస్తుంది. ఇప్పుడే సమంగా పెడితే అప్పుడు గట్టులా లేచి రంగును చీల్చేస్తుంది.

మొదటి ప్రైమర్ కోటులో పదో వంతు టర్పెంటైన్ కలిపితే చెక్కలోకి దిగుతుంది. పాత అలవాటున సిందూరం వాడేవాళ్లున్నారు. అందులో సీసం ఉంది, దాని ధూళి పిల్లలకు విషం. జింక్ ఫాస్ఫేట్ లేదా అల్యూమినియం ప్రైమర్ తీసుకోండి. మీ పాత పొరల్లో కూడా సిందూరం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకవద్దు, మంట పెట్టి కాల్చవద్దు. తడి ఎమరీ వాడి, రాలిందంతా కింద పరిచిన పట్టాలోకి ఎత్తి ఒడ్డు నుంచి దూరంగా పారేయండి.

నీళ్లలోకి దించడానికి మూడు నాలుగు రోజుల ముందు నుంచి లోపల గోనె సంచులు పరిచి రోజూ రెండు పూటలా సముద్రపు నీళ్లు చల్లండి. మంచినీళ్లయితే కుళ్లు త్వరగా పడుతుంది. దించాక ఒకటి రెండు రోజులు జెట్టీ దగ్గరే ఉంచి, నీళ్లు తోడుతూ ఉండండి. ఊట తగ్గిందని చూసుకున్నాకే వేటకు.

ప్రశ్న: పడవ అడుగుకు గుల్లలు పట్టకుండా రాగి కలిసిన రంగు వేయాలా? – నిజాంపట్నం

పడవ ఎక్కడ ఉంటుందన్న దాన్ని బట్టి. హార్బర్‌లో రోజుల తరబడి నీళ్లలోనే ఉండే మరబోట్లకు తప్పకుండా వేయాలి. రోజూ వేట ముగించి ఇసుక మీదికి లాగే తెప్పకు డబ్బు దండగ. ఆ రంగు నీళ్లలో కొద్దికొద్దిగా రాగిని వదులుతూ పనిచేస్తుంది, ఇసుక రాపిడికి ఒక్క నెలలో పోతుంది. ఆ డబ్బుతో అడుగు దూలం కింద రెండు పొరల మ్యాట్ అదనంగా కొట్టించండి. అల్యూమినియం భాగాల మీద మాత్రం రాగి రంగు పడనివ్వకండి, తినేస్తుంది. రంగు వేశాక ఎన్నాళ్లలోగా నీళ్లలోకి దించాలో డబ్బా మీద ఉంటుంది, దాన్ని బట్టి ముందే లెక్క వేసుకుని వేయండి. తగరం కలిసిన పాత రకం ఎవరైనా తక్కువకు ఇస్తామంటే వద్దనండి. ఓడలకు దాని వాడకం 2008 నుంచి అంతర్జాతీయంగా నిషిద్ధం. గుల్లలతో పాటు మిగతా జీవాలనూ చంపుతుంది.

ప్రశ్న: ఇంజిన్ బిగించే వెనక పలక దగ్గర ఎన్నిసార్లు రంగేసినా పగులుతోంది. – కళింగపట్నం

రంగు సమస్య కాదిది. ఫైబర్ మధ్యలో ఉన్న ప్లైవుడ్ కుళ్లి ఉండవచ్చు. సుత్తి వెనక వైపుతో మెల్లగా తట్టుకుంటూ పోండి. బాగున్న చోట ఖణేల్మంటుంది, కుళ్లిన చోట మద్దెల మీద తడి గుడ్డ వేసినట్టు మోగుతుంది. అనుమానం ఉన్న చోట లోపలి వైపు నుంచి చిన్న రంధ్రం చేస్తే పొడి పొట్టు రావాలి. నల్లటి తడి ముద్ద వస్తే లోపలి ఫైబర్ కోసి ప్లైవుడ్ మార్చాలి. నీరు దూరేది బోల్టు రంధ్రాల నుంచే. కొత్త పలకకు రంధ్రాలు కాస్త పెద్దవి చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టు సైజుకు తొలవండి. అప్పుడు నీరు చెక్కను తాకదు. బోల్టులు 316 రకం స్టీలువి అడగండి. 304 రకం ఉప్పునీటిలో సూది గుచ్చినట్టు గుంటలు పడుతుంది.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ నంబరు మీద రంగు పడితే ఏమవుతుంది? – మచిలీపట్నం

ఐఎన్‌డి-ఏపీతో మొదలయ్యే ఆ నంబరు కనిపించకపోతే సముద్రంలో తనిఖీ సిబ్బంది ఆపుతారు. రంగు మొదలెట్టక ముందే నంబరును రెండు వైపులా ఫోటో తీసి, అక్షరాల ఎత్తు, ముందు కొన నుంచి దూరం కొలిచి రాసిపెట్టుకోండి. పక్కల రంగు మార్చాలనుకుంటే ముందు మీ మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. రాష్ట్రానికొక రంగు నియమం ఉంది. నంబరు రాసేది చివరి కోటు పూర్తిగా ఆరిన మరునాడు, వెనకున్న రంగుకు బాగా ఎదురొచ్చే రంగుతో.