నాలుగు గళ్ల పాత్రకు గంటన్నర కథ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌ప్లే ఆసాంతం చదివాను. ఒకప్పుడు వారపత్రికలో నాలుగు గళ్ల బొమ్మల కథలో నవ్వించిన పిల్లవాణ్ణి గంటన్నర యానిమేషన్ చిత్రంగా మలచాలన్న నీ తపన నాకు నచ్చింది, మాటల్లో చురుకూ ఉంది. అయితే మొదటి పది పేజీలు తిరక్కముందే ఆ పిల్లవాడికి తప్పిపోయిన తండ్రినీ, పాత పగనూ, ఊరిని కాపాడవలసిన బాధ్యతనూ తగిలించావు. ఆ బొమ్మల్లో వాడికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. వాటిని అతికించే ముందు, అవి లేకుండా ఆ చిత్రకారుడు అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చాడో ఆలోచించావా?

2015లో వచ్చిన 'ది పీనట్స్ మూవీ'ని ఈ దృష్టితో మరొకసారి చూడమని నా సలహా. అమెరికా చిత్రకారుడు చార్ల్స్ షుల్జ్ 1950 అక్టోబరు 2న పత్రికల్లో మొదలుపెట్టిన 'పీనట్స్' అనే గళ్ల బొమ్మల కథ (కామిక్ స్ట్రిప్పు) దాదాపు 50 ఏళ్లు నడిచింది. మొత్తం 17,897 స్ట్రిప్పులు. చివరిది 2000 ఫిబ్రవరి 13న అచ్చయ్యేసరికి ఆయన పోయి ఒక్క రోజయింది. తన తరువాత కొత్త స్ట్రిప్పులు ఇంకెవరూ గీయకూడదన్నది ఆయన కోరిక కాబట్టి పత్రికలు నేటికీ పాతవే తిరిగి వేస్తున్నాయి. అటువంటి సొత్తుతో సినిమా కథ అల్లిన ముగ్గురిలో ఇద్దరు ఆయన కుమారుడు క్రెయిగ్, మనుమడు బ్రయన్. వారసులు కనుక బాగా రాశారని మాత్రం అనుకోకు. వారసుల చేతిలో పాడైన పాత్రలు లోకంలో తక్కువేమీ లేవు.

వాళ్లు షుల్జ్ పెట్టుకున్న హద్దులను గుర్తుపట్టారు. ఆ స్ట్రిప్పులో పెద్దవాళ్లు కనిపించరు. టీవీ చిత్రాలలో టీచరు మాట్లాడవలసి వస్తే ట్రొంబోన్ అనే ఊదే వాద్యం శబ్దం వినిపించేవారు, 2015లోనూ అదే చేశారు. చేతిలో త్రీడీ హంగులు, కావలసినంత డబ్బు ఉన్నప్పుడు టీచరుకు ఒక ముఖం ఇచ్చి పేరున్న నటి చేత మాట్లాడించాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ వాళ్లు ఆ ఆశకు లొంగలేదు. బొమ్మ కదలికలోనూ అదే నిగ్రహం కనిపిస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి, కంప్యూటర్ యానిమేషన్‌లో సాధారణంగా ప్రతి ఫ్రేముకూ బొమ్మ కదులుతుంది. ఇక్కడ దర్శకుడు స్టీవ్ మార్టినో బృందం ఒక్కో భంగిమను ఎక్కువగా రెండేసి ఫ్రేముల పాటు నిలిపి, చేత్తో గీసిన బొమ్మలకుండే చిన్న కుదుపును తెచ్చింది. షుల్జ్ ఆ గుండ్రటి తలలను కొన్ని కోణాల నుంచే గీసేవాడు కనుక తెర మీద కూడా తల నున్నగా తిరగదు, ఒక కోణం నుంచి మరో కోణానికి చటుక్కున మారుతుంది. కథానాయకుడైన పిల్లవాడు చార్లీ బ్రౌన్ ఊహలు వచ్చినప్పుడైతే పక్కన బుడగలో నలుపు తెలుపు గీతలే కనిపిస్తాయి.

కథ దగ్గరకు వస్తే, చార్లీ బ్రౌన్ ఓడిపోయే పిల్లవాడు. అటువంటి వాడితో గంటన్నర నడపాలంటే గెలుపు రుచి చూపక తప్పదు. అందుకని పరీక్షలో వాడికి నూటికి నూరు వచ్చినట్లు చేశారు, బడి అంతా వాడి చుట్టూ చేరింది. తీరా సన్మానం నాడు వేదిక మీద కాగితం చూసుకుంటే అది తోటి విద్యార్థిని పెపర్‌మింట్ ప్యాటీది. ఆ సంగతి అందరి ఎదుటా వాడే చెప్పేసి పతకం తిరిగి ఇచ్చేస్తాడు. గెలుపు వచ్చి పోయినా పాత్ర తన గుణం నుంచి అంగుళం జరగలేదు. నీ రెండో భాగంలో ఇటువంటి ఘట్టం ఒక్కటీ లేదు.

ముగింపుతో మాత్రం నాకు పేచీ ఉంది. స్ట్రిప్పులో చార్లీ బ్రౌన్ మనసుపడిన ఎర్రజుట్టు అమ్మాయి ముఖం మనం ఎన్నడూ చూడం, 1998లో ఒక్కసారి నీడగా కనిపించింది, అంతే. సినిమాలో ఆమెకు ముఖం వచ్చింది, వాడిని మెచ్చుకునే మాటలూ వచ్చాయి. థియేటరు నుంచి సంతోషంగా పంపడానికి అది అవసరమని నిర్మాతలు అనుకొని ఉండవచ్చు, నాకు మాత్రం కొంచెం ఎక్కువైంది. హద్దు దాటడం మహాపాపమని నా ఉద్దేశం కాదు. షుల్జే 1993లో చార్లీ బ్రౌన్ చేత బేస్‌బాల్ ఆటలో హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టించి ఆట గెలిపించాడు. కానీ అంతకు ముందు 40 ఏళ్లకు పైగా ఓడించాడు కనుకనే ఆ ఒక్క గెలుపు అంత పెద్దదయింది.

2024లో వచ్చిన గార్ఫీల్డ్ చిత్రాన్ని కూడా చూడు, నీ స్క్రిప్టు దానికే దగ్గరగా ఉంది. జిమ్ డేవిస్ 1978లో పుట్టించిన ఆ పిల్లి సోమవారాన్ని తిట్టుకుంటూ, లజాన్యా అనే ఇటాలియన్ వంటకం తింటూ, కదలకుండా కూర్చుని నవ్విస్తుంది. సినిమాలో దానికి తండ్రిని తెచ్చి, పాల డెయిరీలో దొంగతనానికి పంపి, రైలు మీద ఉరికించారు. పిల్లలు నవ్వారు, డబ్బూ వచ్చింది. అయినా అక్కడ ఏ పిల్లిని పెట్టినా కథ అలాగే నడిచేది.

ఇప్పుడు నువ్వు చేయవలసింది గ్రంథాలయంలో పాత సంపుటాలు తెప్పించుకుని, ఆ పిల్లవాడు ఎన్నడూ చేయని పనులేవో రాసుకోవడం. వీధి దాటి వెళతాడా, వాడి ఫిర్యాదు ఎవరైనా చివరి దాకా వింటారా, మూడో గడిలో వాడు ఎందుకు తరచు మౌనంగా ఉంటాడు? వాటిలో ఒక్క దానిని ఎంచుకుని, దానినే కథకు ఇరుసు చేసి మొదటి ముప్పై పేజీలు తిరగరాయి. తండ్రిని తీసెయ్యి. పగవాణ్ణి ఉంచాలని పట్టుబడితే ఎందుకో నాకు రాసి పంపు. చిత్రకారుడి కుటుంబం నుంచి అనుమతి నోటిమాటగానే దొరికిందన్నావు, దానిని ముందు కాగితం మీద పెట్టించుకో.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి