కాగితం పుస్తకం మీది, ఈ-పుస్తకం ఎవరిది?

ప్రశ్న: లాయరు గారూ, మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడి తెలుగువాళ్లం చందాలు వేసుకుని ఒక గ్రంథాలయం నడుపుతున్నాం. పాత పుస్తకాలు చెదలపాలవుతుంటే స్కాన్ చేసి, పిడిఎఫ్‌లు సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఒక ప్రచురణకర్త కేసు పెడతానంటున్నారు. ఒక కంపెనీకి డబ్బు కట్టి తీసుకున్న ఈ-పుస్తకాలేమో గడువు ముగియగానే మాయమయ్యాయి. ఇక్కడి ప్రభుత్వ గ్రంథాలయంలో తెలుగు పేపర్లు ఎందుకు ఆపేశారని సమాచార హక్కు కింద తెలుగులో అడిగితే దరఖాస్తు తిప్పి పంపారు. మా తప్పెక్కడుంది?

జవాబు: స్కాన్ చేయడంలో తప్పు లేదు. గ్రూపులో పెట్టడం దగ్గరే చిక్కొచ్చింది.

1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్‌కు 2012లో చేసిన సవరణ మీలాంటి వాళ్లకు పనికొచ్చేదే. వ్యాపారం కోసం కాని పబ్లిక్ లైబ్రరీ, తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. భద్రపరచడానికే, పంచిపెట్టడానికి కాదు. ఫైళ్లు లైబ్రరీ కంప్యూటర్లో ఉంచి, గ్రూపులోవి ఇవాళే తీసేయండి. అదే సెక్షన్ ప్రకారం, దేశంలో ఎక్కడా అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ వాడకానికి 3 ప్రతులకు మించకుండా తీయించుకోవచ్చు. ప్రచురణకర్త పుస్తకం ఇంకా అమ్ముతున్నారా లేదా అన్నది ముందు ఉత్తరం రాసి కనుక్కోండి. అమ్మడం లేదని తేలితే ఆ ఉత్తరాలు జాగ్రత్త చేయండి, రేపు అవే మీకు సాక్ష్యం.

పబ్లిక్ లైబ్రరీ అంటే ఏమిటో ఆ చట్టం నిర్వచించలేదు. అందుకని సంఘం రిజిస్ట్రేషను, ఎవరొచ్చినా చదువుకోనిస్తారన్న నియమం, లాభం పంచుకోవడం లేదని చూపే లెక్కలు సిద్ధంగా పెట్టుకోండి. సభ్యులకు మాత్రమే తలుపు తీసే లైబ్రరీకి ఈ రక్షణ దొరకడం కష్టం.

అన్ని పుస్తకాలకూ ఈ భయం అక్కర్లేదు. కాపీరైట్ గడువు, రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. మీ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు 1940లో పోయారు. అప్పట్లో గడువు 50 ఏళ్లే కనుక, ఆయన బతికుండగా అచ్చయిన సొంత రచనలపై హక్కు 1990తోనే తీరిపోయింది. వాటిని వాట్సాప్‌లో పెట్టుకోండి, అచ్చేసుకోండి, ఎవరూ అడగలేరు. కాకపోతే ఈమధ్య ఎవరో రాసిన ముందుమాటో, వ్యాఖ్యానమో ఉంటే దానిని వదిలేయండి.

ఇక ఈ-పుస్తకాలు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. డబ్బులిచ్చి కొన్న కాగితం పుస్తకాన్ని మీరు ఎంతమందికి అరువిచ్చినా ప్రచురణకర్త అడ్డుపడలేరు. ఒకసారి చలామణీలోకి వచ్చిన ప్రతి మీద వాళ్ల పెత్తనం ఉండదు. ఈ-పుస్తకానికి మీరు కట్టింది సినిమా టికెట్టు లాంటిది, చూసే అనుమతికే. 2009లో అమెజాన్ తాను అమ్మిన కొన్ని ఈ-పుస్తకాలను పాఠకుల కిండిల్ పరికరాల్లోంచే తుడిచేసింది. తర్వాత క్షమాపణ చెప్పిందనుకోండి. మీ ఒప్పందం నేను చూడలేదు. అందులో ‘చందా’, ‘గడువు’ అన్న మాటలుంటే డబ్బు తిరిగి రాదు. శాశ్వతంగా మీవేనని రాతపూర్వకంగా చెప్పి ఉంటే మాత్రం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఈసారి సంతకం పెట్టేముందు, గడువు తీరాక ఫైళ్లు మన దగ్గరే ఉంటాయా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఉండవంటే ఆ డబ్బుతో అచ్చు పుస్తకాలు కొనడం మేలు.

సమాచార హక్కు విషయంలో అధికారిని తప్పుపట్టలేం. 6వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంత అధికార భాషలోనో ఉండాలి. ఒడిశాలో అది ఒడియా. ఫారం ‘ఎ’ నింపి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి మళ్లీ ఇవ్వండి. ‘ఎందుకు ఆపేశారు’ అని కాకుండా, ‘ఆపమన్న ఉత్తర్వు నకలు ఇవ్వండి’ అని రాయండి. కారణాలడిగితే తప్పించుకుంటారు, కాగితం అడిగితే ఉందనో లేదనో చెప్పక తప్పదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

తెలుగు పేపర్లు మళ్లీ తెప్పించమనే అర్జీ మాత్రం తెలుగులోనే ఇవ్వండి. కష్టం చెప్పుకునే అర్జీని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. మీ జిల్లాలో తెలుగు వాడుకలో లేదని ఏ కలెక్టరూ అనలేరు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి.