కళ్లు పచ్చబడితే కాలేయం చెడినట్టేనా?

ప్రశ్న: గాజువాకలో రాత్రి షిఫ్టులు చేసే మా తమ్ముడికి 23 ఏళ్లు. తిండి, నిద్ర తప్పినప్పుడల్లా కళ్లు కాస్త పచ్చబడతాయి. పరీక్షలో మొత్తం బిలిరుబిన్ 2.6, డైరెక్ట్ 0.4, ఎస్‌జీపీటీ 27 వచ్చాయి. అమ్మ పసరు మందు వేయిద్దామంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పసరు వద్దమ్మా. అది తాగి తగ్గిందనేవారిలో చాలామందికి వచ్చినవి వాటంతటవే తగ్గిపోయే కామెర్లే. పైగా కొన్ని ఆకులు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. మీ తమ్ముడి రిపోర్టులో, కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంది. కళ్లను పచ్చబరిచే పసుపు పదార్థమైన బిలిరుబిన్‌లో పెరిగిందల్లా ఇన్‌డైరెక్ట్ రకమే, అంటే పాత ఎర్రకణాలు విరిగినప్పుడు పుట్టి, కాలేయం ఇంకా నీటిలో కరిగేలా మార్చని రకం. ఆ మార్పు చేసే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. గిల్బర్ట్ సిండ్రోమ్ అనే ఈ స్థితికి మందులు అక్కర్లేదు, వేళకు తింటే చాలు.

అయితే ఎర్రకణాలు అతిగా విరిగిపోతున్నా రిపోర్టు ఇలాగే ఉంటుంది కనుక, హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్ల (అప్పుడే తయారైన ఎర్రకణాల) పరీక్షలు చేయించి, కేజీహెచ్‌లోనో దగ్గర్లోనో ఫిజీషియన్‌కు చూపించండి. ఇన్‌డైరెక్ట్ రకం మూత్రంలోకి దిగదు. ఎప్పుడైనా మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది వేరే సంగతి, జ్వరం, వాంతులు, మగత తోడైతే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.