ఉగ్ర జాబితా మీద అమెరికా కాంగ్రెస్ పట్టు ఎంత?

ప్రశ్న: పహల్గాం దాడి తర్వాత ‘ది రెసిస్టెన్స్ ఫ్రంట్’ (టీఆర్ఎఫ్) అనే సంస్థను అమెరికా విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలోకి ఎక్కించింది కదా, దానికి అక్కడి కాంగ్రెస్‌లో ఓటింగ్ జరిగిందా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: జరగలేదు, జరగాల్సిన పనీ లేదు. 2025 జులైలో టీఆర్ఎఫ్‌ను చేర్చింది కూడా విడి సంస్థగా కాదు. 2001 డిసెంబరు నుంచే జాబితాలో ఉన్న లష్కరే తోయిబాకు మారుపేరుగా చేర్చారు.

ఈ అధికారం 1996లో చేసిన చట్టం విదేశాంగ మంత్రికి ఇచ్చింది. అటార్నీ జనరల్‌నూ, ఆర్థిక మంత్రినీ సంప్రదించి ఆయన మూడు సంగతులు తేల్చుకోవాలి. అది విదేశీ సంస్థ అయి ఉండాలి. ఉగ్రవాదానికి పాల్పడుతూ ఉండాలి, లేదా ఆ సత్తా, ఉద్దేశం రెండూ ఉండాలి. దానివల్ల అమెరికా పౌరులకో దేశ భద్రతకో ముప్పు ఉండాలి.

కొత్త సంస్థను చేర్చేముందు ఉభయ సభల నాయకులకూ, సంబంధిత కమిటీల సభ్యులకూ ఏడు రోజుల ముందే రహస్యంగా తెలియజేయాలి. తెలియజేయడమే, అనుమతి అడగడం కాదు. ఏడు రోజులు గడిచాక ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే వాళ్ల గెజిట్‌లో, అచ్చయితే అమల్లోకి వస్తుంది. ఈలోగా డబ్బు జారిపోకుండా, సమాచారం కాంగ్రెస్‌కు చేరగానే ఆ సంస్థ లావాదేవీలు ఆపమని ఆర్థిక శాఖ బ్యాంకులను ఆదేశించవచ్చు.

ప్రశ్న: మంత్రి నిర్ణయం నచ్చకపోతే కాంగ్రెస్ రద్దు చేయగలదా?

జవాబు: చేయగలదని ఆ చట్టంలోనే ఉంది, కానీ అందుకు మళ్లీ చట్టమే చేయాలి. రెండు సభలూ ఆమోదించాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. సొంత మంత్రి నిర్ణయాన్ని కొట్టేసే బిల్లు మీద ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. ఒక్క సభ తీర్మానంతో ప్రభుత్వ నిర్ణయాన్ని రద్దు చేసే దారిని సుప్రీంకోర్టు 1983లోనే మూసేసింది. ఆ కేసు వేసిన చద్దా కెన్యాలో పుట్టిన భారత సంతతివాడు కావడం విశేషం.

కాబట్టి రద్దు అధికారం చాలావరకు కాగితం మీదిదే. అసలు పట్టు గడువు పెట్టడంలో ఉంది. అఫ్గాన్ తీవ్రవాద సంస్థ హక్కానీ నెట్‌వర్క్‌ను జాబితాలో చేర్చడానికి విదేశాంగ శాఖ తాత్సారం చేస్తుంటే కాంగ్రెస్ 2012లో ఓ చట్టం చేసింది. ‘చేర్చు’ అని అందులో లేదు. ఆ సంస్థ అర్హతలకు సరిపోతుందో లేదో 30 రోజుల్లో చెప్పాలనీ, సరిపోయినా చేర్చకపోతే కారణం రాసివ్వాలనీ ఉంది. ఆగస్టు 10న ఒబామా సంతకం పెట్టారు. గడువు ఇంకా రెండు రోజులుందనగా, సెప్టెంబరు 7న, చేరుస్తున్నట్టు హిల్లరీ క్లింటన్ ప్రకటించారు. చేర్చకపోవడానికి కారణం రాసివ్వడం ఏ మంత్రికైనా ఇబ్బందే మరి.

ప్రశ్న: ఒకసారి ఎక్కితే ఇక దిగడం లేదా?

జవాబు: ఉంది, కాకపోతే నెమ్మదిగా. గెజిట్‌లో అచ్చయిన 30 రోజుల్లోగా వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టుకు వెళ్లాలి. ఆ గడువు దాటితే రెండేళ్లు ఆగి మంత్రికి అర్జీ పెట్టుకోవాలి, దాన్ని ఆయన 180 రోజుల్లో తేల్చాలి. అర్జీ రాకపోయినా అయిదేళ్లకోసారి సమీక్ష తప్పదు. అంతకుముందు రెండేళ్లకోసారి జాబితాను కొత్తగా ప్రకటించాల్సి వచ్చేది, 2004లో కాంగ్రెస్సే దాన్ని మార్చింది.

అర్జీలు మూలపడితే ఏమవుతుందో ఇరాన్ వ్యతిరేక సంస్థ ముజాహిదీన్-ఎ-ఖల్క్ విషయంలో తేలింది. 1997 నాటి తొలి జాబితాలోనే ఉన్న ఆ సంస్థ అర్జీ మీద విదేశాంగ శాఖ నాన్చింది. నాలుగు నెలల్లో తేల్చకపోతే పేరు తామే తీసేస్తామని 2012 జూన్‌లో కోర్టు హెచ్చరించింది. సెప్టెంబరు 28న పేరు తీసేశారు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. సేవా సంస్థలకు విరాళాలిస్తుంటాడు. దేన్ని గమనించుకోవాలి?

జవాబు: విదేశాంగ శాఖ జాబితాలో సంస్థ పేరే కాదు, మారుపేర్లు కూడా చూసుకోమనండి. టీఆర్ఎఫ్ ఉన్నది అలాగే. జాబితాలోని సంస్థ అని తెలిసీ డబ్బు, శిక్షణ, సలహా వంటివి అందిస్తే 20 ఏళ్ల దాకా జైలు. మినహాయింపు మందులకూ, మత గ్రంథాలవంటి వాటికీ మాత్రమే. ‘మంచి పనికే ఇచ్చాను’ అన్న వాదన నిలవదు. ఎల్టీటీఈ, కుర్దుల సాయుధ సంస్థ పీకేకేలకు శాంతియుత మార్గాల్లో శిక్షణ ఇస్తామని వెళ్లినవాళ్ల వాదననే సుప్రీంకోర్టు 2010లో 6-3తో తోసిపుచ్చింది.