ముంబయి రేవులో రెండు గంటలు

ప్రశ్న: మా నాన్నగారిది సిరిసిల్ల. పదిహేడేళ్ల వయసులో ముంబయి వెళ్లి, లోయర్ పరేల్‌లోని ఒక బట్టల మిల్లులో పనిచేసి, 1982 సమ్మెతో ఆ మిల్లు మూతపడ్డాక ఊరికి తిరిగి వచ్చారు. అన్నేళ్లు అక్కడున్నా గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర నిలబడి పడవలను చూడడమే తప్ప ఒక్కసారీ ఎక్కలేదని ఇప్పటికీ అంటుంటారు. వచ్చే జనవరిలో ఆయనకు డెబ్బయ్యేళ్లు నిండుతాయి. పిల్లలం, మనవలం కలిసి పద్నాలుగు మందిమి. అక్కడ ఒక యాట్‌ను (విహార నౌకను) మా కోసమే రెండు గంటలు అద్దెకు తీసుకుని, సముద్రంలో సూర్యాస్తమయం చూపించి, పడవ మీదే భీమరథ శాంతి హోమం చేయించాలని మా ఆలోచన. నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. మేము ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందుగా సూర్యాస్తమయం సంగతి చెప్పాలి. ముంబయి రేవు నగరానికి తూర్పు వైపున ఉంది. గేట్‌వే దగ్గర పడవ ఎక్కినవారికి సూర్యుడు నీటిలో మునుగుతూ కనిపించడు. తాజ్‌మహల్ హోటల్ గుమ్మటం వెనుక, ఊరి మేడల మధ్య అస్తమిస్తాడు. అదీ చూడదగినదే. కాని నీటి అంచున దిగే సూర్యుడే కావాలంటే నగరపు దక్షిణ చివర ఉన్న కొలాబా కొనను చుట్టి పడమటికి, అంటే రేవు చాటును వదిలి అరేబియా సముద్రపు అలల్లోకి పోవాలి. రెండు గంటల అద్దెలో అది తీరికగా అయ్యే పని కాదు, మీ నాన్నగారికి సుఖంగానూ ఉండదు. ప్రకటనలో ‘సన్‌సెట్ క్రూయిజ్’ అన్న మాట చూసి బయానా కట్టేవారిలో చాలామందికి ఈ దిక్కుల సంగతి పడవెక్కాకగాని తెలియదు.

అందుచేత ఉదయమే మంచిదని నా అభిప్రాయం. జనవరిలో అక్కడ ఏడుంబావు ప్రాంతాన తెల్లవారుతుంది. సూర్యుడు రేవుకు ఆవలి ఒడ్డు వైపు నుంచి లేస్తాడు కనుక, తొలి ఎండ నేరుగా గేట్‌వే మీద, తాజ్ మీద పడుతుంది. నీటి మీద నుంచి వాటిని చూడవలసిన వేళ అదే. చలికాలపు మసక కొంత ఉన్నా గాలి మందంగా ఉంటుంది, పడవ ఊగదు. మధ్యాహ్నం తరువాత వాయవ్యపు గాలి పుంజుకుంటుంది. తెరచాప పడవ మీద మోజు ఉంటే సాయంకాలమే తగినది. మోటారు యాట్ అయితే ఉదయం చాలు. పైగా అందరూ కోరేది సాయంకాలమే కాబట్టి ఉదయపు వేళకు కిరాయి తగ్గించమని అడగవచ్చు.

ఇక అసలు చిక్కు యాట్‌లో లేదు, యాట్ ఎక్కడంలో ఉంది. గేట్‌వే దగ్గర యాట్‌లు గట్టుకు ఆనుకుని ఉండవు. రేవులో దూరంగా లంగరు వేసి ఉంటాయి. జెట్టీ మెట్లు దిగి చిన్న పడవలోకి, ఆ చిన్న పడవ నుంచి యాట్‌లోకి, ఇలా రెండుసార్లు ఊగే చోట అడుగు వేయాలి. తిరుగు ప్రయాణంలో మళ్లీ రెండుసార్లు. ముంబయిలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా పెద్ద ఆటుపోట్ల రోజుల్లో నాలుగు మీటర్లు కూడా దాటుతుంది. పాటు వేళ దిగువ మెట్లు బయటపడతాయి, వాటి మీద పాచి ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి యాట్ ఎంత విలాసవంతమైనదన్న దానికన్నా ఆ గంటలో ఎన్ని మెట్లు నీటిపైన ఉన్నాయన్నదే ముఖ్యం.

దీనికి మన పంచాంగమే సాయం చేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ముంబయిలో పెద్ద పోటు మిట్టమధ్యాహ్నం దగ్గర వస్తుంది. అంటే ఉదయం, సాయంత్రం ఆరేడు గంటలకు నీరు బాగా దిగిపోయి ఉంటుంది. ఆ రెండు తిథులూ, వాటికి అటూ ఇటూ రోజులూ వదిలేయండి. అష్టమి నాటికి తేడా బాగా తగ్గి, పోటు ఉదయం ఆరు, ఏడు గంటల వైపుకు జరుగుతుంది. సముద్రానికి అష్టమి అనుకూలమే. అష్టమి నాడు ప్రయాణమేమిటని మీ ఇంట్లో పెద్దవారు అభ్యంతరం చెబితే దశమి పెట్టుకోండి. ఆనాడు పోటు సుమారు ఎనిమిది గంటల ప్రాంతానికి చేరుతుంది కనుక ఏడున్నరకు ఎక్కి తొమ్మిదిన్నరకు దిగేవారికి రెండుసార్లూ నీరు మెట్ల పైదాకా ఉంటుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. తేదీ ఖరారు చేసే ముందు అపోలో బందర్ (గేట్‌వే ఉన్న రేవు) ఆటుపోట్ల పట్టికలో సమయం సరిచూసుకోండి. జనవరి 26కు ముందు రోజుల్లో అక్కడ భద్రత కట్టుదిట్టంగా ఉంటుంది, ఆ వారం వద్దు.

పద్నాలుగు మందిలో చంటిపిల్లలనూ లెక్కించాలి. పడవ సర్వే పత్రంలో ఎంతమంది ప్రయాణికులకు అనుమతి ఉందో చూపించమని అడగండి. ‘పిల్లలే కదండీ, సర్దుకోవచ్చు’ అన్నవారి పడవ ఎక్కకండి; పన్నెండు మందికే అనుమతి ఉంటే రెండు పడవలు తీసుకోండి. రిజిస్ట్రేషన్, బీమా, సరంగు (పడవ నడిపే వ్యక్తి) యోగ్యతా పత్రం కూడా చూడవలసినవే. 2024 డిసెంబరు 18న నౌకాదళ స్పీడ్‌బోటు ఒకటి, గుహలున్న ఎలిఫెంటా దీవికి వెళ్తున్న ప్రయాణికుల పడవను ఇదే రేవులో ఢీకొన్నప్పుడు పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత లైఫ్ జాకెట్లు తప్పనిసరి చేశారు. ఫొటోల కోసం వాటిని విప్పవద్దు. పిల్లల కొలతవి ఉన్నాయో లేవో ముందే అడగండి. పక్కనే నౌకాదళ స్థావరం ఉంది కనుక డ్రోన్ ఆలోచన మానుకోండి.

హోమం మాత్రం పడవ మీద కుదరదు. ఇంధనం ఉన్న చోట, గాలిలో, ఊగే నేల మీద నిప్పు పెట్టడానికి ఏ సరంగూ ఒప్పుకోడు, ఒప్పుకుంటే అతను మంచి సరంగు కాదు. కర్పూర హారతి కూడా వద్దు. శాంతి హోమం ఇంటి దగ్గరే ముందుగా జరిపించి, పడవ మీద అక్షతలు వేసి ఆశీర్వచనం తీసుకుంటే సరిపోతుంది.

దారి విషయంలో ఎలిఫెంటా మీద ఆశ పెట్టుకోకండి. అది పది కిలోమీటర్ల పైన ఉంది, గుహలకు నూటపాతిక దాకా మెట్లున్నాయి, సోమవారం మూసి ఉంటుంది. మీకున్న వ్యవధికి గేట్‌వే ముందు కాసేపు ఆగి, కొలాబా ఒడ్డు వెంట దక్షిణంగా వెళ్లి రావడం చక్కగా సరిపోతుంది. 1911లో బ్రిటిష్ రాజు ఐదవ జార్జి దంపతులు దిగినప్పుడు ఆ ద్వారం ఇంకా కట్టనేలేదు, 1924లో పూర్తయింది. 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ పటాలం దాని కిందుగానే ఓడ ఎక్కి వెళ్లిపోయింది. కాస్త ముందుకు పోతే 1875లో తెరిచిన ససూన్ డాక్ కనిపిస్తుంది. ఇప్పుడది చేపల రేవు. ఒకనాడు పత్తి వ్యాపారం కోసం కట్టినది. మిల్లులో పనిచేసిన మీ నాన్నగారు అక్కడ మీకే ఏమైనా చెప్పవచ్చు. ఆ సమయంలో పాటలు ఆపమని సరంగుకు ముందే చెప్పి ఉంచండి.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఆయనను ఒకసారి జెట్టీకి తీసుకువెళ్లి మెట్లు చూపించండి. ఆయన వెనుకాడితే బలవంతపెట్టవద్దు. ముంబయిలోని భావుచా ధక్కా రేవు నుంచి ఆవలి ఒడ్డున ఉన్న మాండ్వాకు వెళ్లే రో-రో ఓడ (వాహనాలనూ ఎక్కించుకునే ఓడ) 2020 నుంచి నడుస్తోంది. కారుతో సహా ఓడలోకి వెళ్లవచ్చు, సుమారు గంటలో రేవు దాటవచ్చు. అది మీ సొంత పడవ కాదు. కాని చిన్న పడవలోకి దిగే పని లేదు, ఆయన కోరిక పడవ ఎక్కడమే కదా.

ప్రశ్న: ముంబయిలోనే ఒక యాట్‌కు మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారు. వాతావరణం బాగోలేకపోతే ఏమవుతుంది? పార్టీలో మద్యం ఉండవచ్చునా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: జూన్ నుంచి ఆగస్టు వరకు అక్కడ చిన్న పడవలు వానాకాలపు సముద్రానికి భయపడి నిలిచిపోతాయి, కాబట్టి ఆ నెలలకు ఎవరైనా బయానా అడిగితే ఇవ్వకండి. మిగిలిన కాలంలో, పడవ కదలకూడదని రేవు అధికారులో సరంగో నిర్ణయిస్తే పూర్తి సొమ్ము తిరిగి ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. మీరు మానుకుంటే ఒక నియమం, వారు మానుకుంటే ఒక నియమం అని విడివిడిగా ఉండాలి. కిరాయి గంట జెట్టీ దగ్గర మొదలవుతుందా, యాట్ ఎక్కాక మొదలవుతుందా అని కూడా అడగండి. రాకపోకలకే అరగంట పోతుంది. మహారాష్ట్రలో మద్యం తాగడానికి చట్టప్రకారం వ్యక్తిగత పర్మిట్ అవసరం, పార్టీలో వడ్డించడానికి వేరే లైసెన్సు కావాలి. ఆ ఏర్పాటు తమదేనని యజమాని అంటే పత్రం చూపించమనండి; చూపించకపోతే సీసాలు ఒడ్డునే వదిలి వెళ్లండి.